జోసెఫిన్ మామ్మ బొటనవేలు

మా మావయ్య ఉమామహేశ్వరం గారు నా మీద యుద్ధం ప్రకటించింది నేను చేసిన మడతకాజాను కొరికిన రోజున. అది తినే కాజా కాదు. పాలిమర్ క్లేతో చేసి, ఓవెన్లో కాల్చి, పాకం మెరుపు రావాలని వార్నిష్ పూసి, కొక్కెం తగిలించే ముందు పళ్ళెంలో ఆరబెట్టిన చెవి దుద్దు. ఆయన టీ తాగుతూ పేపరు మీద నుంచి కళ్ళు తియ్యకుండా ఒకటి నోట్లో వేసుకున్నారు. కట్టుడు పళ్ళ సెట్టు రెండు ముక్కలైంది. తర్వాత ఆ సంగతి బంధువులకి ఆయన చెప్పిన తీరు వింటే, కోడలు విషం పెట్టిందనే అనుకుంటారు.

పాలిమర్ క్లే అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. రంగురంగుల మెత్తటి ప్లాస్టిక్ ముద్ద. చపాతీ పిండిలా పిసికి, ఒత్తి, కోసి, కావలసిన బొమ్మ చేసి ఓవెన్లో పెడితే గట్టిపడుతుంది. నేను దాంతో పులస చేపలు, ఆవకాయ జాడీలు, పూతరేకులు చేసి చెవులకీ మెడలకీ తగిలిస్తాను. ఫోన్లో ఫొటో పెడితే కాకినాడ నుంచీ విశాఖపట్నం నుంచీ అడిగి మరీ కొనుక్కుంటారు. యానాంలో మాత్రం ఎదురింటావిడ ఒక్కతే కొంది, అది కూడా ఊరికే ఇస్తాననుకుని.

మావయ్య గారిది అసలు సిసలు వెండిపని. యానాం బజారులో నలభై ఏళ్ళు కుంపటి ముందు కూర్చున్నారు. పట్టీలు, మొలతాళ్ళు, మెట్టెలు, కుంకుమ భరిణెలు అన్నీ ఆ చేతిలోంచే వచ్చాయి. అద్దాల తలుపుల షాపులు వచ్చి రెడీమేడ్ సరుకు పోసేసరికి ఆయన దుకాణం మూసి, పనిముట్లు పెట్టెలో సర్ది మంచం కింద పెట్టుకున్నారు. అప్పటి నుంచి పని లేని మనిషి ఏం చేస్తాడు, పనిచేసే మనిషిని చూసి వ్యాఖ్యానం చేస్తాడు. నా పనికి ఆయన పెట్టిన పేరు పిండివంట.

"ఏరా, మీ ఆవిడ పిండివంట అయ్యిందా? అన్నం పెడతాదా లేదా?" అని మా ఆయన రామకృష్ణని అడిగేవారు, నేను పక్కనే ఉండగా. రామకృష్ణ రొయ్యల మేత కంపెనీలో సేల్స్ చూస్తాడు. అటు నాన్నకీ ఇటు పెళ్ళానికీ తల ఊపి ఊపి మెడనొప్పి తెచ్చుకున్న మనిషి, అతని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

నాకు ఒళ్ళు మండేది. ఉన్నమాట చెప్పాలంటే ఏడుపు కూడా వచ్చేది. ఈ ఊళ్ళో వెండి గురించి తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఊరంతా మెచ్చుకున్నా నాకు లెక్క లేదు, ఆయన నోట ఒక్కసారి "పని" అనిపించుకోవాలి. పిండివంట కాదు, పని.

అందుకే సిల్వర్ క్లే తెప్పించాను. మెత్తగా పొడి చేసిన అచ్చమైన వెండిని నీళ్ళతో, ఒక రకం జిగురుతో కలిపిన ముద్ద అది. చూడటానికి బూడిదరంగు బంకమట్టి. చేత్తో మలిచి, ఆరబెట్టి, మంటలో కాలిస్తే జిగురు కాలిపోయి వెండి మిగులుతుంది. పొట్లం చిన్నది, ధర మాత్రం అసహ్యంగా ఉంటుంది. దాన్ని మావయ్య గారికి చూపించాను.

ఆయన వాసన చూసి, గోటితో గీరి, తిరిగి ఇచ్చేశారు.

"వెండి మట్టైపోడం చూశానమ్మా, మట్టి వెండవడం చూళ్ళేదు. నువ్వు కానియ్యి."

మొదటి ఆర్డరు తెరేసా ఇచ్చింది. మెట్టకూరు పిల్ల, ఆస్పత్రిలో నర్సు, నా దగ్గర పులస చేప దుద్దులు కొన్నదగ్గర నుంచి నన్ను అక్కా అంటుంది. శనివారం చర్చిలో పెళ్ళి. పెళ్ళికొడుక్కి తొడిగే ఉంగరం మీద వాళ్ళ మామ్మ వేలిముద్ర ఉండాలట. తల్లి పోయాక ఆ పిల్లని పెంచింది మామ్మే. ఆ ముద్ర పెళ్ళికొడుకు వేలికి ఎందుకని అడిగాను.

"ఆయన ఎప్పుడైనా చెయ్యెత్తితే ముందు మామ్మ కనిపించాలక్కా," అంది తెరేసా. పెళ్ళికి అంతకన్నా మంచి కారణం నేను వినలేదు.

మామ్మ పేరు జోసెఫిన్. డెబ్భై ఎనిమిదేళ్ళు. అందులో నలభై ఏళ్ళు రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచింది. రొయ్య పెంకు, ఐసు, బ్లీచింగు నీళ్ళు కలిసి ఆవిడ వేళ్ళని నున్నగా చేసేశాయి. పింఛను దగ్గర మిషను మీద వేలు పెడితే పడదు. పదిసార్లు పెట్టించి, చివరికి అక్కడి గుమాస్తా "నీకు వేళ్ళు లేవు మామ్మా" అన్నాడట. అప్పటి నుంచి ఆవిడ బొటనవేలు ఎవరికీ చూపించదు. చీర కొంగులో దాచుకుని కూర్చుంటుంది.

నేను మంగళవారం వాళ్ళింటికి వెళ్ళి, ఉంగరం చేసి, పచ్చిగా ఉండగానే ఆవిడ ముందు పెట్టాను. మనవరాలి కోసం ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది.

"నువ్వు ఆ మహేశ్వరం కోడలివంట గదా. ఆడి చెయ్యి దీనిమీద పడకూడదు. పడిందని తెల్సిందా, ఉంగరం గోదాట్లో పారేత్తాను."

దీనికో చరిత్ర ఉంది. ఎప్పుడో ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం మావయ్య గారు జోసెఫిన్ మామ్మ కూతురికి, అంటే తెరేసా తల్లికి, వెండి పట్టీలు చేశారు. నెల తిరక్కుండా ఒకదాని టంకం ఊడి, ఆ అమ్మాయి రేవు దాటించే పంటు దిగుతుంటే పట్టీ గోదావరిలో పడిపోయింది. టంకం సరిగా పెట్టలేదని ఆవిడ, గోదారి వడికి ఇనపగొలుసైనా తెగుతుందని ఈయన. మెట్టకూరులో ఎవరైనా వెండి వస్తువు కొంటే ఇప్పటికీ "మహేశ్వరం టంకం కాదు గదా" అని అడుగుతారు. ఇంట్లో జోసెఫిన్ అన్న పేరెత్తితే మావయ్య గారు అన్నం ముందు నుంచి లేచిపోతారు.

మాట ఇచ్చాను. ఆవిడ వేలు ఏడుసార్లు నొక్కితే ఏడోసారి నాలుగు గీతలు పడ్డాయి. నాలుగంటే నాలుగే. వాటిని ఆవిడ వెలుతురు వైపు తిప్పి తిప్పి చూసుకుంది. "ఉన్నాయన్నమాట," అని ఒక్క ముక్క అంది.

ఆ ఉంగరాన్ని తెచ్చి, మూతలేని డబ్బాలో పెట్టి, గూట్లో ఆరబెట్టాను. కాల్చే ముందు రెండు రోజులైనా బాగా ఆరాలి. మావయ్య గారికి మాత్రం "అది ఆర్డరు, ముట్టుకోకండి" అని చెప్పాను. ఎవరి వేలో, ఎందుకో చెప్పలేదు. జోసెఫిన్ పేరు చెప్తే ఇంట్లో రభస, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకునే తెలివైనదాన్ని కదా.

శుక్రవారం ఉదయం డబ్బా తీశాను. ఉంగరం ఉంది. ఎంత బాగుందంటే అద్దంలా ఉంది. నాలుగు గీతలు లేవు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో దొంగే మహేశ్వరుడు, పట్టుకోవడం కష్టం కాలేదు. వరండాలో కూర్చుని, అడక్కుండానే చెప్పేశారు.

"పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో వేలు పెట్టేసినట్టున్నారమ్మా. ఇంత సొట్ట పడింది. తడి గుడ్డతో అద్ది, సన్నపు కాగితంతో రుద్ది సరిచేశాను. నువ్వు చూసుకోలేదు లాగుంది. పోన్లే, నేనున్నాను గదా."

ఆయన మొహం ఎంత సంతోషంగా ఉందంటే, చాలా రోజుల తర్వాత పని దొరికిన మనిషి మొహం అది. వెండి మీద వేలిముద్ర పడితే కంసాలికి అవమానం. ఆయన గురువు దానికి చెవి మెలిపెట్టేవాడని ఎన్నోసార్లు చెప్పారు. మచ్చ కనిపించింది, చెరిపేశారు. నాకు సాయం చేశాననుకున్నారు. అది తెలుస్తూనే ఉంది, అయినా ఆ క్షణాన ఆయన్ని గోదావరిలో తోసెయ్యాలనిపించింది.

"అది సొట్ట కాదు మావయ్య గారూ. అదే ఆర్డరు. జోసెఫిన్ మామ్మ వేలిముద్ర. రేపు పొద్దున్న పెళ్ళి. మీ చెయ్యి పడనివ్వనని నేను మాటిచ్చి తెచ్చాను."

జోసెఫిన్ పేరు విని లేచిపోతారనుకున్నాను. లేవలేదు. కళ్ళజోడు తీసి పంచెతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఉంగరం వైపు చూశారు.

"చెప్పొచ్చు గదమ్మా," అన్నారు మెల్లిగా.

"ముట్టుకోవద్దని చెప్పాను గదండీ."

"అది చెప్పావనుకో."

ప్లాస్టిక్ కాగితంలో చుట్టి దాచిన శనగగింజంత క్లే ముద్ద మిగిలి ఉంది. దాన్ని పల్చగా ఒత్తి ఉంగరం నున్నటి చోట అతికిస్తే మళ్ళీ ముద్ర తీసుకోవచ్చు. కావలసిందల్లా వేలు. ఆ మాట చెప్పగానే మావయ్య గారు తన బొటనవేలు చాపారు.

"వేలంటే వేలే. ఆ ముసల్దాని ముద్ర పింఛను మిషనుకే తెలీలేదంట, పెళ్ళికొడుక్కేం తెలుస్తాది. నొక్కెయ్యి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఉన్నదున్నట్టు ఒప్పుకుంటాను, ఆలోచించాను. రేపటికల్లా ఉంగరం కావాలి. నిజం చెప్తే ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. నా మొదటి వెండి ఆర్డరు మట్టిలో కలుస్తుంది, జన్మంతా పిండివంటే మిగులుతుంది. చిన్న ముక్క తీసి ఆయన బొటనవేలు నొక్కించాను కూడా. ఏమీ పడలేదు. నలభై ఏళ్ళు ఆకురాయి పట్టిన వేలు, అది కూడా నున్నగా అరిగిపోయింది. తర్వాత నా వేలు నొక్కాను. చక్కగా, అచ్చేసినట్టు గుండ్రటి గీతలు పడ్డాయి.

అవి చూశాక సిగ్గేసింది. నాలుగు గీతల్నే వెలుతురు వైపు తిప్పి తిప్పి చూసుకున్న మనిషి గుర్తొచ్చింది. నా కొవ్విన వేలు తీసుకెళ్ళి ఆవిడది అని ఇవ్వలేను. ఆ ముక్కని ముద్దలో కలిపి పిసికేసి, ఆటోకి ఫోన్ చేశాను.

"ఎక్కడికి?" అన్నారు మావయ్య గారు.

"మెట్టకూరు. నిజం చెప్పి మళ్ళీ వేలు అడగాలి. ఇస్తే ఇస్తుంది, చెప్పుచ్చుకుని కొడితే కొడుతుంది."

ఆయన చొక్కా వేసుకుని వచ్చి ఆటోలో కూర్చున్నారు. నేను రమ్మనలేదు. వద్దని చెప్పే ఓపిక కూడా లేదు.

పెళ్ళివారిల్లు కదా, వీధిలో షామియానా, వంటగిన్నెలు దించుతున్న వ్యాను, ఎవరి మాట ఎవరూ వినని జనం. జోసెఫిన్ మామ్మ వరండాలో కుర్చీలో, భుజాల మీద పాత తువ్వాలుతో, తలంతా నల్లరంగు పట్టించుకుని కూర్చుంది. ఇంకో అరగంట కదలకూడదట. మావయ్య గారిని చూడగానే లేవబోయి, రంగు కారుతుందని మళ్ళీ కూర్చుంది. మాకు దేవుడు చేసిన సాయం ఆ రంగే.

"ఏవయ్యా ఆచారీ, నా గుమ్మం ఎందుకు తొక్కావు?"

నేను నోరు తెరిచాను. "మామ్మగారూ, తప్పు నాదండి, నేను మావయ్య గారికి చెప్పకుండా..."

"నువ్వాగమ్మా," అన్నారు మావయ్య గారు. "ముట్టుకోవద్దంది. ముట్టుకున్నాను. ఉంగరం మీద వేలి గుర్తుంటే పనిలో లోపమనుకున్నాను. రుద్దేశాను. అది నీ వేలని తెలీదు జోసెఫినమ్మా."

మామ్మ మొహంలో కోపం కోసం చూశాను. అది రాలేదు. కొంగు కింద చెయ్యి ఇంకా లోపలికి పోయింది.

"నా వేలు నీకు లోపంలాగా కనిపించిందా?" అంది.

లోపల ఎవరో వెల్లుల్లి చాలలేదని అరుస్తున్నారు.

మామ్మే మళ్ళీ అంది. "ముద్ర ఇత్తాను. తెరేసా కోసం. కానీ ముందు ఆ పట్టీ సంగతి ఒప్పుకో. గోదారి లాగేసిందని ఊరంతా చెప్పావు. నా కూతురు నడక రాక పారేసుకుందన్నావు. ఆ పిల్ల ఆ మాట పడే పోయింది."

మావయ్య గారు నా వైపు చూశారు. ఆయన ఏటేటా మాల వేసే మనిషి. బ్రాందీ షాపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ముక్కు మూసుకుంటారు, యానాంలో అంటే రోజంతా ముక్కు మూసుకునే ఉండాలి. రామకృష్ణ ఒకసారి బీరు వాసనతో వస్తే వారం రోజులు మాట్లాడలేదు.

"ఆ రోజు తాగున్నాను," అన్నారు. "మధ్యాన్నమే ఎక్కించాను. చెయ్యి వణికింది. టంకం సరిగ్గా పట్టలేదని అప్పుడే తెల్సు. మళ్ళీ పెట్టడానికి బద్ధకించి ఇచ్చేశాను. మీ అమ్మాయి తప్పేం లేదు."

షామియానా కడుతున్నవాళ్ళు కూడా విన్నారు. సాయంత్రానికి మెట్టకూరంతా, రాత్రికి అడవిపొలం దాకా ఆ మాట వెళ్తుందని ఆయనకి తెలుసు. తలొంచుకోకుండా నిలబడి చెప్పారు. మామ్మ కళ్ళు తుడుచుకోబోయి, చేతికి రంగంటుతుందని ఊరుకుంది.

"ఏదీ, పట్రా పిల్లా," అంది నాతో.

క్లేని తడిపి, పల్చగా ఒత్తి, ఉంగరం మీద అతికించాను. మామ్మ బొటనవేలు నొక్కింది. ఏమీ లేదు. మళ్ళీ చదును చేశాను, మళ్ళీ నొక్కింది. ఏమీ లేదు. నాలుగోసారి, అయిదోసారి, గచ్చు మీద నొక్కినట్టుంది. మూడు రోజులుగా పెళ్ళికి వెల్లుల్లి ఒలిచి, అంట్లు తోమి, ఉన్న ఆ నాలుగు గీతలు కూడా పోయినట్టున్నాయి. ఎండకి క్లే ఆరిపోతోంది. ఇంకో రెండుసార్లకి మించి రాదు.

"ఆ గుమాస్తా నిజమే చెప్పాడు," అంది మామ్మ. అనవసరంగా వచ్చామనిపించింది.

మావయ్య గారు చెప్పులు విడిచి ముందుకొచ్చారు.

"వేలి మధ్యలో గీతలు ఉండవమ్మా, అరిగిపోతాయి. నాకూ లేవు, ఇదిగో చూడు." తన బొటనవేలు చూపించారు. "పనిముట్టు ఎక్కడ ఆనుతాదో అక్కడే అరుగుతాది. నువ్వు రొయ్య పట్టేది ఇటు. అటు పక్కన, గోరు కింద, అక్కడ పని తగల్దు. అక్కడుంటాయి."

"ఎక్కడ?" అంది మామ్మ, తన వేలు తనే తిప్పి చూసుకుంటూ.

ఆయన చెయ్యి చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు.

"సరేలేవయ్యా, పట్టుకుని చూపించు," అంది మామ్మ విసుగ్గా. "తల మీద రంగు, చేతిలో ఉంగరం, మళ్ళీ నీకు మర్యాదలు కూడానా."

ఆయన ఆవిడ బొటనవేలు పట్టుకుని, పక్కకి వాల్చి, క్లే మీద ఆనించి, నొక్కకుండా దొర్లించారు. ఎత్తితే కింద గీతలున్నాయి. నాలుగు కాదు, పది పైనే. ఒంపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి, స్పష్టంగా. ఈ కిటుకు నేను చూసిన వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్ళు వేళ్ళు అరగదీసుకున్న మనిషికే తెలుస్తుంది. ఆ మనిషి మీద నాకు అంత కోపంలోనూ గౌరవం వచ్చింది, అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

మామ్మ ఉంగరాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. వంటవాళ్ళని పిలిచి చూపించింది. వ్యాను డ్రైవరుకి చూపించింది. కొంగులో దాచిన చెయ్యి బయటే ఉండిపోయింది. "తీసుకుపో, మళ్ళీ ఎవడైనా రుద్దితే చంపేత్తాను," అని నాకిచ్చింది.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. కొత్తగా అతికించిన చోటు ఆరాలని ఉంగరాన్ని గోరువెచ్చటి ఓవెన్లో పెట్టాను. అయిదింటికి పెరట్లో ఇటుక మీద పెట్టి, గ్యాసు టార్చి వెలిగించాను. మావయ్య గారు స్టూలు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. ఒక్క వ్యాఖ్యానం లేదు. జిగురు అంటుకుని చిన్న మంట లేచి, పొగ వచ్చింది. ఆయన ఊదబోయి, రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. ఉంగరం మెల్లిగా ఎర్రబడి, పండిన ఎర్రజామ లోపలి రంగుకి వచ్చింది. అలాగే ఉంచాలి. అంతకు మించి ఒక్క పిసరు వేడెక్కినా కరిగి ముద్దయిపోతుంది. నా చెయ్యి వణకలేదు.

చల్లారాక చూస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. మలిచినప్పటికన్నా కాస్త చిన్నదైంది. ముందే రెండు కొలతలు పెద్దగా చేశాను కాబట్టి అది సరిపోయింది. గీతలన్నీ ఉన్నాయి.

"పాడైపోయిందా?" అన్నారు మావయ్య గారు. వెటకారం కాదు, నిజంగా భయపడ్డారు.

"లేదండి. ఇలాగే వస్తుంది. ఇత్తడి బ్రష్షుతో రుద్దితే తెలుపు పోయి లోపలి వెండి బయటపడుతుంది."

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. మంచం కింద పెట్టె లాగిన చప్పుడైంది. చిన్న ఇత్తడి బ్రష్షు ఒకటి తెచ్చి, పంచెకి రెండు చేతులూ తుడుచుకుని, నా ఎదురుగా నిలబడ్డారు. ఉంగరం నా చేతిలో ఉంది. ఆయన దాన్ని అందుకోలేదు.

"నేను రుద్దనా అమ్మా?" అని అడిగారు.

"పక్కలు రుద్దండి. గీతల మీద నేను చేస్తాను."

ఆయన "సరే" అని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేను చెప్పినచోటే రుద్దడం మొదలుపెట్టారు.